పొత్రం పక్కన పువ్వు

రాజమహేంద్రవరం,
నవంబరు 19.

అత్తయ్యా,

నా చేతిరాత చూసి ఏం ముంచుకొచ్చిందోనని కంగారుపడకు. ఫోన్ చేస్తే మావయ్య స్పీకరు పెడతారు. ఆయనకి వినపడేలా నేను అరిస్తే మీ అరుగు మీద పేపరు చదువుకునేవాళ్ళందరికీ వినపడుతుంది. వాట్సాప్‌లో పెట్టినా ముందు చదివేది ఆయనే. ఇది ప్రస్తుతానికి మనిద్దరి మధ్యే ఉండాల్సిన సంగతి. అందుకని హాస్టల్లో ఉన్నప్పుడు రాసినట్టే రాస్తున్నాను.

మొన్న కార్తీక వనభోజనాలకి సరుగుడు తోటలోకి వెళ్ళాం కదా. మీరంతా పులిహోర వడ్డించుకుంటుంటే నేను ఒక్కదాన్నీ దిబ్బ వెనక్కి వెళ్ళానని తిట్టావు. ఆ వెనక పల్లంలో, తడి ఇసుకలో, రావణాసురుడి మీసాల గడ్డి మధ్యన ఒక పువ్వు చూశాను. చిటికెనవేలి గోరంత ఉంటుంది. నీకు చూపిస్తే "ఇదా, పిచ్చిపువ్వు, ఏటా వస్తుంది, పూజకి కూడా పనికిరాదు" అన్నావు. ఆ పిచ్చిపువ్వు ఫొటో మా గైడుగారికి పంపాను. ఆయన ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళకి చూపించారు. అదేంటో ముగ్గురికీ తెలియలేదు. పుస్తకాల్లో లేదు. కాకినాడ నుంచి నరసాపురం దాకా నా రీసెర్చి కోసం తీరమంతా తిరిగాను, ఇంకెక్కడా కనబడలేదు. అలాంటి పల్లాలు ఉండే చోట్లన్నీ రొయ్యల చెరువులైపోయాయి. బహుశా ఈ భూమ్మీద అది ఉన్నది మీ దిబ్బ వెనకేనేమో.

నాకూ పూర్తిగా నమ్మకం లేదులే. ఫొటోలో తెల్లగా పడింది. నా కళ్ళకి నీలంగా కనబడింది. మణి ఊదా రంగని వాదిస్తాడు. కానీ పక్కనే ఇసుక ట్రాక్టరు చక్రాల గుర్తులు చూసిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. ఆ పల్లం మీ వసారా కన్నా పెద్దదేం కాదు. ట్రాక్టరు ఒక్కసారి ఇటు తిరిగితే అయిపోయినట్టే.

నేనే వచ్చి కూర్చుందును. కానీ మూడో నెల. ఎవరికీ చెప్పలేదు, నీకే ముందు. డాక్టరమ్మ మంచం దిగొద్దంది. మాఘంలో ఆ మొక్క గింజ కడుతుందని నా అంచనా. అప్పటిదాకా ఎవరూ తొక్కకుండా, ఒక్కటి కూడా కోయకుండా చూడు. ఎలా చూస్తావో నీ ఇష్టం.

చందన

~

దిబ్బపాలెం, వయా మొగల్తూరు,
నవంబరు 28.

చందూ తల్లికి, అత్తయ్య కళ్ళజోడు తుడుచుకుని మరీ రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం, మీ మావయ్య చెవులు తప్ప.

ముందు తిట్లు. మూడో నెల పెట్టుకుని ఆ గతుకుల రోడ్డు మీద వనభోజనాలకి వస్తావా? పైగా దిబ్బలెక్కుతావా? మొగుడన్నాక మణికైనా బుద్ధి ఉండొద్దూ. సరే, ఇప్పుడు దీవెనలు. పండంటి బిడ్డని కను. నీకేం తినాలనిపిస్తే అది రాయి, నేను చేసి పంపుతాను. పనసపొట్టు మాత్రం అడక్కు, ఇప్పుడు దొరకదు.

ఇక నీ పువ్వు. పొద్దున్నే పాలు రాకముందే వెళ్ళి చూశాను. నీలంగానే ఉంది. ఎండెక్కాక మళ్ళీ వెళ్తే ఊదాగా కనబడింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్తే ఒక్కటీ లేదు, అన్నీ ముడుచుకుపోయాయి. ఒక్క పువ్వేనా ఇదంతా, లేకపోతే మూడు రకాలా? ముప్ఫై ఏళ్ళు బళ్ళో పువ్వులో భాగాలు బొమ్మ గీసి మరీ చెప్పినదాన్ని, నాకేం అర్థం కాలేదు. ఇన్నేళ్ళుగా పక్కనే ఉన్నదాన్ని ఎప్పుడూ సరిగ్గా చూడలేదని మాత్రం తెలిసింది.

ఆ ఇసుక ట్రాక్టర్లు గణేష్‌బాబువి. నా దగ్గర చదువుకున్నవాడే. వాడిని పిలిచి మర్యాదగా చెప్పాను, ఆ పల్లం జోలికి వెళ్ళకురా అని. "ఆయ్, పోరంబోకు భూమి కదండీ టీచరుగారూ, గడ్డి కోసం ఎవరైనా ఆగుతారా అండీ" అన్నాడు. అనడం ఎంతో వినయంగా అన్నాడు. మర్నాడు ట్రాక్టరు ఇంకాస్త దగ్గరికొచ్చింది.

దాంతో నేనొక ఉపాయం చేశాను. ఏంటని అడక్కు. నువ్వు చదువుకున్నదానివి, నవ్వుతావు. ట్రాక్టరు మాత్రం అటు రావడం మానేసింది. నువ్వు హాయిగా కాళ్ళు బారచాపుకుని పడుకో.

మీ అత్తయ్య
కనకవల్లి

~

రాజమహేంద్రవరం,
డిసెంబరు 15.

అత్తయ్యా,

నీ ఉత్తరం చదివి దిండు కింద పెట్టుకున్నాను. రంగు మారుతుందన్న మాట గైడుగారికి చెబితే ఆయన మరీ ఉత్సాహపడిపోయారు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఒకే పువ్వును చూస్తూ కూర్చోగలవా? మూడు రకాలో ఒకటో అప్పుడు తేలుతుంది.

ఇంతకీ ఏం ఉపాయం? ముళ్ళకంచె వేశావా? వేస్తే తీసెయ్యి. గాలి ఇసుకని కదిలిస్తూ ఉంటేనే ఆ మొక్క బతుకుతుందని నాకు అనుమానం. అనుమానమే, తెలియదు. దాని గురించి నాకు తెలిసింది ఒక్క పేజీ కూడా లేదు. ఏది మేలు చేస్తుందో ఏది చెడు చేస్తుందో తెలియకుండా కాపాడమని నీకు చెప్పాను, అదే నా భయం.

నేను బాగున్నాను. రాత వంకరగా ఉంటే పడుకుని రాయడం వల్లే, ఇంకేం లేదు.

చందన

~

దిబ్బపాలెం,
డిసెంబరు 22.

చందూ,

ఇంకేం లేదా? నువ్వు ఆస్పత్రిలో చేరిన రోజునే మణి ఫోన్ చేశాడు. మీ మావయ్య అలవాటుగా స్పీకరు నొక్కారు. రక్తం కనబడిందని, ఏమీ చెప్పలేమన్నారని ఆ పిల్లాడు ఏడుస్తుంటే అరుగు మీద వాళ్ళంతా పేపర్లు దింపేశారు. నువ్వు నాకు రాయలేదు. రాయలేకపోయావులే, నాకు తెలుసు. ఇప్పుడు తగ్గిందని మణి చెప్పాకే నాకు ముద్ద దిగింది.

నువ్వొకటి దాచావు కాబట్టి నేను దాచింది కూడా చెప్పేస్తాను. మన పెరట్లో మా అత్తగారి రుబ్బురోలు ఉంది కదా. గ్రైండరు వచ్చాక దాని పొత్రం గోడ వారన పడి ఉండేది. దాన్ని గోనెసంచిలో పెట్టి మోసుకెళ్ళి, నీ పువ్వుల పక్కన ఇసుకలో నిలబెట్టాను. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, రెండు వేపమండలు గుచ్చి, గాజులు తొడిగాను. బొట్టు పెట్టిన రాయి మీదకి ఈ ఊళ్ళో ఎవడూ ట్రాక్టరు తోలడు. నా లెక్క అంతవరకే.

లెక్క తప్పింది. ఆ వారమే గణేష్‌బాబు ట్రాక్టరు తడి ఇసుకలో కూరుకుపోయింది. తడి ఇసుకలో కూరుకోక ఏం చేస్తుంది? వాడు కిందకి దిగి చూసేసరికి ఎదురుగా పసుపురాయి. అక్కడే సాష్టాంగపడ్డాట్ట. శుక్రవారం కొబ్బరికాయతో వచ్చాడు. ఆ తర్వాత వీరవేణి వచ్చింది, మన పాలు పోసే ఆవిడ. తప్పిపోయిన గేదె కోసం దండం పెట్టుకుంటే సాయంత్రానికి గేదె ఇంటికొచ్చిందిట. గేదె సాయంత్రానికి ఇంటికే వస్తుందే అంటే నా మాట ఎవరూ వినడం లేదు. దిబ్బమ్మ తల్లి అని పేరు కూడా పెట్టేశారు.

అన్నిటికన్నా విడ్డూరం మీ మావయ్య. వెళ్ళి హారతి కళ్ళకద్దుకుని వచ్చారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చూసిన పొత్రాన్ని పోల్చుకోలేదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "ఏమోనే వల్లీ, అమ్మవారి ముఖంలో మా అమ్మ పోలికలు కనబడ్డాయి" అన్నారు. నేను వంటింట్లోకి పారిపోయాను.

కనకవల్లి

~

రాజమహేంద్రవరం,
జనవరి 3.

అత్తయ్యా,

పొత్రం దగ్గరికి వచ్చేసరికి పగలబడి నవ్వాను. నర్సు వచ్చి నవ్వకూడదని కోప్పడింది. మావయ్య మాట దగ్గర ఏడుపు కూడా వచ్చింది. ఆ తర్వాత కూర్చుని ఆలోచిస్తే భయమేసింది.

నువ్వు ఆపింది ఒక ట్రాక్టరుని. ఇప్పుడు ఊరంతా అక్కడికి నడిచొస్తోంది. కొబ్బరినీళ్ళు, పసుపునీళ్ళు, హారతి కర్పూరం, అన్నీ ఆ పల్లంలోనే పడతాయి. అంత చిన్న మొక్క అన్ని పాదాల కింద బతుకుతుందా? నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. పువ్వులు కోస్తున్నారా? ఎన్ని మిగిలాయి? నువ్వు ఏదీ రాయలేదు.

పొత్రం తెచ్చి మళ్ళీ పెరట్లో పడెయ్యి. అది కుదరకపోతే ఉన్న సంగతి చెప్పెయ్యి. అది పొత్రమని, నువ్వే పెట్టావని, ఎందుకు పెట్టావో కూడా. నీ మాటకి ఊళ్ళో విలువుంది. పిల్లలకి సైన్సు చెప్పినదానివి నువ్వే ఇలా చేస్తే నేనేమనుకోవాలి?

కోపంగా రాశానా? కోపమో భయమో నాకే తెలియడం లేదు.

చందన

~

దిబ్బపాలెం,
జనవరి 21.

చందూ,

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా పని. నువ్వు చెప్పినట్టు పొత్రం తెచ్చేద్దామని సంచి పట్టుకుని వెళ్ళాను. అప్పటికే అక్కడ నలుగురు ఆడవాళ్ళు దీపాలు పెడుతున్నారు. "సంచీలో ఏం తెచ్చారు టీచరుగారూ, నైవేద్యమా?" అని అడిగారు. ఇంటికొచ్చేశాను.

పువ్వులు ఇంకా ఉన్నాయి. పూజకి పనికిరావని నేనే ఒకప్పుడు ఊరంతా చెప్పాను, ఆ మాట ఇప్పటికి పనికొచ్చింది, ఎవరూ కోయడం లేదు. అంచున కొన్ని నలిగాయి. మధ్యలో ఉన్నవి బాగానే ఉన్నాయి. నువ్వడిగినట్టు ఒక పువ్వును పొద్దుటి నుంచి చూస్తూ కూర్చున్నాను. అది ఒక్కటే. నీలంగా విచ్చుకుని, ఊదాకి తిరిగి, ముడుచుకునే ముందు తెల్లబడుతుంది. అక్కడ కూర్చున్నందుకు నేను గొప్ప భక్తురాలినని పేరొచ్చింది.

అసలు సంగతి ఇది. గుడి కడతారట. గుడి కమిటీకి అధ్యక్షులు ఎవరనుకున్నావు? మీ మావయ్య. రిటైరయ్యాక ఆయనంత హుషారుగా తిరగడం ఇదే మొదలు. ఇనుము, సిమెంటు అంతా గణేష్‌బాబే పెట్టుకుంటాడట. అమ్మవారు తన కళ్ళు తెరిపించిందట. మాఘ పౌర్ణమికి శంకుస్థాపన. పొత్రం చుట్టూ, అంటే నీ పువ్వుల మీద, స్లాబు పోస్తారు. ఎవడి నుంచి కాపాడదామనుకున్నానో వాడే భక్తి కొద్దీ సిమెంటు కింద పూడ్చబోతున్నాడు.

మరి నోరు విప్పి చెప్పొచ్చుగా అంటావు. చెప్పబోయాను. మీ మావయ్య అన్నం తింటుంటే, ఏవండీ, ఆ రాయి అని మొదలుపెట్టాను. అక్కడితో ఆపి ఇంకాస్త పప్పు వడ్డించాను. ఆయన పరువు ఒక కారణం. రెండో కారణం నీకు ఇంతవరకు రాయలేదు.

మణి ఫోన్ చేసిన రోజు నేను ఇంట్లో ఉండలేకపోయాను. కాళ్ళు వాటంతటవే దిబ్బ వైపు నడిచాయి. అది పొత్రమని నాకు తెలుసు. ఆ పసుపు రాసింది నేనే, ఆ గాజులు నావే. అయినా దాని ముందు కూలబడి, తల్లీ, మా చందూ కడుపు నిలబెట్టు, దోసెడు పువ్వులు నీకు సమర్పించుకుంటానని మొక్కాను. కళ్ళు తుడుచుకుని చూస్తే చుట్టూ ఉన్నవి నీ పువ్వులే. నేను మొక్కింది వాటికే.

మొన్న ఐదో నెల స్కాన్ బాగుందని మణి చెప్పాడు. ఇప్పుడు మొక్కు తీర్చాలి. లేని దేవతకి మొక్కు ఏంటని నువ్వంటావు. నన్ను నేనూ అదే అడుగుతున్నాను. కానీ బిడ్డ నిలిచింది కదే. తీర్చకుండా ఉండటానికి నాకు ధైర్యం చాలడం లేదు. దోసెడు వద్దు. ఒక్కటి, ఒకే ఒక్కటి కోయనా? నీ మాట కోసం చూస్తుంటాను.

కనకవల్లి

~

రాజమహేంద్రవరం,
జనవరి 27.

అత్తయ్యా,

వద్దు. ఒక్కటి కూడా వద్దు. ఎన్ని మిగిలాయో తెలియనప్పుడు ఒక్క పువ్వంటే ఒక్క పువ్వు కాదు, అది కట్టే గింజలన్నీ. పైగా నువ్వు కోయడం చూస్తే మర్నాడు ఊరంతా కోస్తుంది.

నా బిడ్డ నిలిచింది ఇంజెక్షన్ల వల్ల. నేను ఇన్ని నెలలు మంచానికి అంటుకుపోయి ఉండటం వల్ల. నీ ప్రేమ నాకు తెలుసు, కానీ దాన్ని పొత్రానికి ముడిపెట్టకు.

పౌర్ణమి లోపు నువ్వు చెప్పకపోతే నేను ఫారెస్టు వాళ్ళకి రాస్తాను. కాగితం ఇప్పటికే రాసి పెట్టాను. వాళ్ళు వచ్చి పని ఆపితే రాయి ఎవరు పెట్టారో ఎలాగూ బయటికొస్తుంది. మావయ్య దగ్గర, ఊరి దగ్గర నువ్వు తలదించుకోవడం నాకిష్టం లేదు. అందుకే ముందు నిన్నే చెప్పమంటున్నాను.

చందన

~

దిబ్బపాలెం,
ఫిబ్రవరి 14.

చందూ,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేదు. నొచ్చుకున్నాను. నొచ్చుకున్నానని రాయడానికి కూడా మనసొప్పలేదు. నువ్వన్నది న్యాయమే మరి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్తే మీ మావయ్య పరువు పోతుంది, చెప్పకపోతే నీ పువ్వు పోతుంది. ఏది చేసినా నా మొక్కు మొక్కులాగే ఉండిపోతుంది.

పౌర్ణమి నాడు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను. నువ్వే తేల్చు, నా వల్ల కావడం లేదు.

పొద్దున్నే అందరం వెళ్ళాం. దిబ్బ మీద షామియానా. కంకర, ఇనప చువ్వలు, పక్కన సిమెంటు కలిపే మిల్లరు. మీ మావయ్య పట్టుపంచె కట్టుకుని అందరినీ గదమాయిస్తున్నారు. ఆయన ముఖం అంత వెలిగిపోతుంటే చూసి ఎన్నేళ్ళయిందో. పల్లంలో నీ పువ్వులు అప్పుడే విచ్చుకున్నాయి, నీలంగా.

మొదటి పూజ అధ్యక్షులవారి భార్య చేత చేయించాలని అందరూ నన్ను కూర్చోబెట్టారు. పురోహితుడుగారు ఇత్తడి పళ్ళెం నా చేతికిచ్చి, ఆ పక్కనున్నవి అమ్మవారి పువ్వులే కదమ్మా, నాలుగు కోసి ఇందులో వెయ్యండి అన్నారు. పూజకి పనికిరావన్న నా మాట ఆయన ఎరగరు, పొరుగూరి మనిషి.

చెయ్యి చాపాను, చందూ. మొక్కు తీరిపోతుంది, ఎవరూ తప్పుపట్టరు, నువ్వు కూడా ఇక్కడ లేవు. పువ్వు దాకా వెళ్ళిన చెయ్యి దాన్ని కోయలేదు. రెండు చేతులూ దోసిలిగా దాని చుట్టూ పట్టి, కాడ మీదున్న పువ్వుని ఉన్నచోటే ఉంచి, పుష్పం సమర్పయామి అన్నాను. దాని పక్కదానికీ అలాగే చేశాను. ఆ పక్కదానికి కూడా. దోసెడు పువ్వులయ్యేదాకా ఇసుకలో మోకాళ్ళ మీద జరుగుతూనే ఉన్నాను.

పురోహితుడుగారు పళ్ళెం నా ముందుకి జరిపారు. "కోసి పెట్టాలమ్మా. కోయకుండా సమర్పణ ఏంటి?" అన్నారు.

అప్పుడు నేనన్న మాట ముందుగా అనుకున్నది కాదు. నీమీద ఒట్టు. "అమ్మవారు ఆ రాయి కాదండి. ఆ రాయి మా ఇంటి పొత్రం, మా అత్తగారిది. నేనే తెచ్చి పెట్టాను. అమ్మవారు ఈ పువ్వేనండి. దాన్ని కోసి దానికే పెట్టమంటారా?"

నేను మీ మావయ్య వైపు చూడలేక ఇసుక చూస్తూ కూర్చున్నాను. ఆయనకి వినపడలేదు. పక్కవాడు చెవి దగ్గర అరిచి చెప్పాడు. ఇక అయిపోయింది నా పని అనుకున్నాను. ఆయన నెమ్మదిగా వచ్చి పొత్రం ముందు వంగి, పసుపు కాస్త గోటితో గీకి, దాని మొదట్లో ఎప్పుడో పెచ్చు ఊడిన చోటు తడిమి చూసుకున్నారు. "మా అమ్మదే. నేను చెప్పలా, పోలికలున్నాయని" అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు. జనమంతా దండాలు పెట్టేశారు. అమ్మవారే టీచరుగారి చేత పెట్టించుకుందని ఒకరు, అత్తగారి రూపంలో వచ్చిందని ఇంకొకరు. నేను నిజం చెప్పానే చందూ. నువ్వు చెప్పమన్న నిజం, ఊరందరి ముందూ. చెప్పాక అది నిజంగా మిగల్లేదు.

వీరవేణి ఒక్కత్తే ముందుకొచ్చి, "పువ్వే అమ్మవారైతే, మరి నెత్తిన సిమెంటెలా పోస్తారండి?" అని అడిగింది. గణేష్‌బాబు తల గోక్కుని మిల్లరుని వెనక్కి తిప్పించాడు. స్లాబు ఇప్పుడు రోడ్డు పక్కన పోస్తున్నారు, వచ్చినవాళ్ళు కూర్చోడానికి. సరుగుడు చెట్ల దగ్గరే చెప్పులు విడిచి, అక్కడి నుంచే దోసిళ్ళు చాపి దండం పెట్టుకుని వెళ్తున్నారు. పల్లంలోకి ఎవరూ దిగడం లేదు.

నీ పువ్వు బతికింది. నా మొక్కు తీరింది. నేను అబద్ధమాడానో నిజం చెప్పానో మాత్రం తెలియడం లేదు. నాకు నిద్ర బాగానే పడుతోంది, అదొక్కటే చెప్పగలను.

కనకవల్లి

~

రాజమహేంద్రవరం,
ఫిబ్రవరి 20.

అత్తయ్యా,

నీ ఉత్తరం మణికి చదివి వినిపించాను. మావయ్య పెచ్చు తడిమిన చోట ఇద్దరం ఆగిపోయాం. ఫారెస్టు వాళ్ళకి రాసిన కాగితం పోస్టు చెయ్యలేదు, చించేశాను. ఆ ఉత్తరంలో నేను నిన్ను బెదిరించాను. నన్ను పెంచినదానివి, నిన్ను బెదిరించాను. మన్నించు.

ఇప్పుడు రాయబోయేది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. చాలాసేపటి నుంచి కలం మూత తీస్తూ పెడుతున్నాను.

గైడుగారు ఫొటోలన్నీ చూశారు. నువ్వు గమనించిన రంగుల సంగతి కూడా రాసుకున్నారు. ఇది కొత్త జాతేనని ఆయనకి నమ్మకం కుదిరింది. కానీ లోకానికి చెప్పాలంటే ఫొటో చాలదు. ఒక మొక్కని పువ్వుతో, వేళ్ళతో సహా తీసి, అదిమి ఆరబెట్టి, అట్టకి అతికించి దాచాలి. అది లేనిదే పేరు పెట్టడానికి ఒప్పుకోరు. పేరు లేనిదాన్ని కాపాడమని ఏ ఆఫీసునీ అడగలేం. దిబ్బమ్మ తల్లి మీద భక్తి ఇవాళ ఉంది. రేపు ఆ భూమి ఎవరికో రొయ్యల చెరువుకి ఇస్తే?

పువ్వులు ఇంక ఎన్నాళ్ళో ఉండవు. నేను ఇంకా కదలకూడదు. నీకు ఒక్క పువ్వు ఇవ్వనిదాన్ని, ఇప్పుడు ఒక మొక్కంతా అడుగుతున్నాను. నువ్వు వద్దంటే ఇక అడగను. ఏది ఒప్పో నాకు తెలియడం మానేసి చాలా రోజులైంది.

చందన

~

దిబ్బపాలెం,
మార్చి 1.

చందూ,

చదవగానే నీమీద మండిపడ్డాను. నాకు మొక్కు తీర్చుకోడానికి ఒకటివ్వనన్నావు, నీ అట్టకి అతికించుకోడానికి కావాల్సొచ్చిందా అని వంటింట్లో గిన్నెలతో చెప్పుకున్నాను. సాయంత్రానికి తగ్గింది. నువ్వు అడిగేది కూడా దాని మేలుకే. కానీ ఊరందరి ముందు అమ్మవారన్నదాన్ని, నేనే వేళ్ళతో సహా పెకలించడం ఎలా?

మా పుట్టింటి వైపు ఒక పద్ధతుంది. ఏదైనా తేల్చుకోలేకపోతే అమ్మవారి తల మీద పువ్వు పెట్టి అడుగుతారు. కుడివైపు రాలితే ఇచ్చినట్టు. ఇక్కడ తల మీద పెట్టడానికి కోసిన పువ్వే లేదు. ఊరికే వెళ్ళి పల్లం అంచున కూర్చున్నాను. ఇస్తే నువ్వే ఇయ్యి, నేను అడగను, నేను తియ్యను అని చెప్పుకున్నాను. ఎవరితో చెప్పానని అడక్కు.

సముద్రపు గాలి బాగా ఉంది. ఇసుక పాదాల మీద నుంచి జారిపోతోంది. మిగిలినవి కొద్ది పువ్వులే, అవీ ఊదాకి తిరిగాయి. ఏమీ జరగలేదు. ఇదేం పిచ్చి, ఈ వయసులో అనుకుని లేచాను. చీర కుచ్చెళ్ళు రావణాసురుడి మీసాల గడ్డికి తగులుకున్నాయి. విసుగ్గా లాక్కుని వెనక్కి తిరిగి చూస్తే, పొత్రానికి కుడిపక్కన ఒక మొక్క పువ్వుతో, వేళ్ళతో పైకొచ్చి ఇసుక మీద పడి ఉంది.

నా చీరతో పాటు వచ్చిందా? గాలికి ఇసుక జారి వేళ్ళు అంతకుముందే పైకి తేలాయా? నేను కూర్చున్నప్పుడు అక్కడే ఉండి, చూసుకోలేదా? లాగేటప్పుడు నా మనసులో ఏముందో కూడా ఇప్పుడు ఒట్టేసి చెప్పలేను. కళ్ళకద్దుకుని కొంగులో పెట్టుకుని తెచ్చాను. మీ మావయ్యకి చూపించాను. ఇక ఆయన దగ్గర దాచడం లేదు. "అమ్మ ఇచ్చింది, పంపించెయ్" అన్నారు. ఏ అమ్మో అడగలేదు.

పాత పంచాంగం పేజీల మధ్య పెట్టి, పైన చందనపు సాన బరువుంచి ఆరబెట్టాను. ఈ కవరులో అట్టముక్కల మధ్య ఉంది. రంగు పూర్తిగా పోయింది, నన్ననకు. సీమంతానికి అరిసెలు వేరే పంపుతున్నాను.

కనకవల్లి

~

రాజమహేంద్రవరం,
మార్చి 12.

అత్తయ్యా,

మొక్క క్షేమంగా చేరింది. ఒక్క వేరు కూడా విరగలేదు. పంచాంగంలో ఏదో తిథి అక్షరాలు ఒక ఆకు మీద అచ్చు పడ్డాయి. గైడుగారు వాటిని తుడవొద్దన్నారు.

ఇవాళ మంచం మీదే కూర్చుని అట్టకి అతికించాను. కింద మూల ఒక చీటీ అంటిస్తాం, మొక్క వివరాలన్నీ దాని మీద రాయాలి. నేల అన్న చోట తీరపు దిబ్బ వెనక తడి పల్లం అని రాశాను. పువ్వు రంగు అన్న చోట నీలం, ఊదా, తెలుపు మూడూ రాశాను. సేకరించినవారు అన్న చోట నీ పేరు. ఎలా లభించింది అని ఇంకో గడి ఉంటుంది. కలం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నా ఏం రాయాలో తోచలేదు. గైడుగారు ఫోన్ చేసి అడిగితే, తెలియదండి, ఖాళీగా వదిలేస్తాను అన్నాను. ఆయన ఏమనుకున్నారో.

నీకు ఒక మాట బాకీ ఉన్నాను. జనవరిలో నీమీద కోపంతో, నా బిడ్డ నిలిచింది ఇంజెక్షన్ల వల్ల అని రాశాను. అది నా మాట, డాక్టరమ్మది కాదు. ఆస్పత్రి నుంచి వచ్చేరోజున ఆవిడని అడిగాను, రక్తం ఎందుకు ఆగిందండీ అని. ఆవిడ ఫైలు తిరగేసి, "మేం చేయగలిగింది చేశాం. ఆగింది. ఎందుకాగిందో చెప్పలేనమ్మా" అంది.

ఆ మాట నీకు రాయకుండా దాచాను. ఇప్పుడు రాస్తున్నాను. అది కూడా ఖాళీ గడే, అత్తయ్యా. అందులో ఏదో ఒకటి రాసెయ్యాలన్న తొందర నాకిప్పుడు లేదు.

బిడ్డ బాగా తంతోంది. పెద్దదయ్యాక ఎత్తుకుని వస్తాను. సరుగుడు చెట్ల దగ్గర చెప్పులు ఎక్కడ విడవాలో చూపిద్దువుగాని.

చందన